క్లెమ్ డూడెక్ చెవులు

క్లెమ్ డూడెక్ గెలిచిన గొడవను లాటీ కళ్లారా చూసింది. క్లెమ్ ఇంటి అడుగున ఉన్న సెల్లార్ మెట్ల మీద కూర్చుని, బకెట్టు పక్కన పెట్టుకుని, తడిగుడ్డ పిండటం మానేసి మరీ చూసింది. అక్కడ పనిమనిషి ఒకతి ఉందని మగవాళ్లెవరూ గమనించలేదు. గమనించరు కూడా. బఫెలో నగరం తూర్పు పక్క వీధుల్లో ఆమె తుడవని నేల లేదు. నేల మెరిస్తే చూస్తారు గాని, తుడిచిన మనిషి వంక చూసేదెవరు?

ఆ శనివారం మధ్యాహ్నం పళ్ల డాక్టరు లూబిన్‌స్కీ రికార్డు మోత పెంచే కొత్త యాంప్లిఫయర్ మోయించుకొచ్చాడు. మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. బల్ల మీద పెట్టించి, దాని ముందు పలకను తన జేబురుమాలుతో తుడిచాడు.

"దీని ముందు నీది రేకు డబ్బా, క్లెమ్. ఏమీ అనుకోకు."

"ఏమీ అనుకోను. నీకు కళ్లతో వినే అలవాటు, డాక్టరూ. కాసేపు చెవులకి పని చెప్పు."

క్లెమ్ లేచి బట్టలారేసే తీగ మీద దుప్పటి వేలాడదీశాడు. దుప్పటి వెనక రెండు యాంప్లిఫయర్లూ ఉన్నాయి. మోత కాస్త ఎక్కువున్నదే బాగుందనిపిస్తుంది ఎవరికైనా. అందుకని మీటరు పెట్టి రెండింటి మోతా సమం చేశాడు. ఒకే పాట పదిసార్లు వేస్తాడు. ఏ సారి ఏది మోగిందో డాక్టరు కాగితం మీద రాయాలి. మిగతా ముగ్గురు మగవాళ్లూ చేతులు కట్టుకుని, శవజాగరణకి వచ్చిన చుట్టాల్లా కూర్చున్నారు.

పదీ అయ్యాక క్లెమ్ తన కాగితం తెచ్చి డాక్టరు కాగితం పక్కన పెట్టాడు. పదింట్లో నాలుగు కలిశాయి. పైగా "ఇదిగో, ఇదీ నాది! ఎంత తేటగా ఉందో విను" అని డాక్టరు ఎగిరి గంతేసిన మూడుసార్లూ మోగింది క్లెమ్ రేకు డబ్బానే.

"అయితే నువ్వు కూర్చో," అన్నాడు డాక్టరు మొహం కందగడ్డ చేసుకుని. "నీకెన్ని వస్తాయో చూద్దాం."

క్లెమ్ కూర్చున్నాడు. డాక్టరు దుప్పటి వెనక్కి పోయి మీటలు మార్చడం మొదలుపెట్టాడు. నాలుగోసారికి క్లెమ్ పెన్సిలు కింద పెట్టేశాడు.

"నాకూ తెలియట్లేదు."

"అంటే ఓడిపోయావన్నమాట!"

"అంటే రెండూ ఒకటే అన్నమాట. తెలియనప్పుడు తెలియట్లేదని నేనన్నాను. నువ్వేమో పదిసార్లూ తెలిసిందన్నావు. ఇంకో మాట. కొత్త సంవత్సరం నాడు మీ ఇంట్లో విన్నాను. నీ ఎడమ స్పీకరు పెట్టెకి తీగలు తిరగేసి కట్టావు. పాడే మనిషి గదిలో ఒకచోట నిలబడట్లేదు, గోడల నిండా పులుముకుపోతోంది. ముందు అది చూసుకో. యాంప్లిఫయర్లు తరవాత కొందువుగాని."

డాక్టరు తన సామాను మోయించుకుని వెళ్లిపోయాడు. గంట తిరక్కుండా ఫోను మోగితే తీసింది లాటీయే. "తీగలు తిరగబడే ఉన్నాయని చెప్పు," అని డాక్టరు పెట్టేశాడు. మంచి మాట ఒకటి కలిపితే పళ్లు రాలిపోతాయి కాబోలు.

ఆ గొడవతో క్లెమ్ చెవికి ఊళ్లో ఎదురు లేకుండా పోయింది. కొత్తగా స్పీకర్లు కొన్నవాడల్లా క్లెమ్‌ని ఇంటికి పిలిచేవాడు. అతను వెళ్లి, గది మధ్య కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని గంటసేపు వినేవాడు. పెట్టెలు గోడకి ఒక జానెడు ఇవతలికి, ఒక బెత్తెడు అవతలికి జరిపించేవాడు. పెట్టె వెనక చిన్న మర ఒకటుంటుంది, సన్నటి శబ్దాలు ఎంత బయటికి రావాలో దాన్ని తిప్పి సరిచెయ్యాలి. అది తిప్పి, మళ్లీ విని, ఇంకొంచెం తిప్పి, చివరికి జేబులోంచి ఎర్రటి గోళ్లరంగు సీసా తీసి మర మీద ఒక చుక్క పెట్టేవాడు. కదిలిస్తే రంగు పగులుతుంది. కదిలించే ధైర్యం ఎవరికుంది? మతగురువు దీవించి ఇచ్చిన పటాన్నయినా చోటు మారుస్తారు గాని, క్లెమ్ చుక్క పెట్టిన మరను ముట్టుకునేవాళ్లు కాదు.

దీనికి అతను పైసా పుచ్చుకోలేదు. గసగసాల కేకు ఒక ముక్క, కాఫీ. అంతే.

క్లెమ్ పుట్టిందీ పెరిగిందీ ఆ సెల్లార్ ఉన్న ఇంట్లోనే. టెలిఫోను ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. చెవికి గొట్టం తగిలించుకుని, ఏ తీగలో చెమ్మ చేరిందో, ఏ స్తంభం దగ్గర తెగబోతోందో విని చెప్పడం అతని ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. తల్లి బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఆదివారం రేడియోలో వచ్చే పోల్కా డాన్సు పాటలు తప్ప ఇంకో మోత లేదు. ఆవిడ పోయాక, గ్యాసు పొయ్యి వచ్చి బొగ్గుతో పని లేకుండా పోయాక, సెల్లార్లో బొగ్గు పోసే కొట్టును మూడు నెలలపాటు కడిగి, గోడలకు పాత తివాచీలు కొట్టి, వినే గది చేసుకున్నాడు. ఇప్పటికీ వాన పడితే ఆ గదిలో బొగ్గు వాసన వస్తుంది. ఆ వాసన పోవడానికి లాటీ వాడని సబ్బు లేదు.

లాటీ గురువారాలు వచ్చేది, మగవాళ్లు చేరే శనివారాలు కూడా ఒక్కోసారి వచ్చేది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు కన్యాస్త్రీల మఠంలో నేలలు తుడిచింది. అక్కడ రోజంతా ఎవరూ పెదవి విప్పరు. కాసేపు నడుం వాల్చాలంటే, వసారాలో వస్తున్న చెప్పులు ఎవరివో ముందే తెలియాలి. మఠం పెద్దమ్మగారి చెప్పులైతే లేచి నిలబడాలి. అలా సాన పట్టుకున్న చెవులు ఆమెవి. చదువంటారా, మూడో తరగతి. అందుకు ఆమె ఎవరి ముందూ తల దించింది లేదు.

ఒక గురువారం ఆమె తుడుస్తుంటే క్లెమ్ రికార్డు పెట్టాడు. ఒక ఆడమనిషి పాడుతోంది, పక్కన పియానో, వెనకాల ఎవరో డప్పు మీద తీగల కుంచెతో రాస్తున్నాడు.

"ఎలా ఉంది, లాటీ?"

"పాటేగా. బాగానే ఉంది."

"పాట సంగతి అడగలేదు. దాన్నొదిలెయ్. ఆవిడ ఎక్కడ నిలబడింది?"

"నాకేం తెలుసు? ఏ న్యూయార్కులోనో నిలబడి ఉంటుంది."

"ఈ గదిలో ఎక్కడ అని. కళ్లు మూసుకుని చూపించు."

మతి పోయిందేమో అనుకుంటూనే లాటీ కళ్లు మూసుకుంది. తరవాత తుడుపు కర్ర ఎత్తి చూపించింది.

"అదిగో, పెట్టెల మధ్యన. కొంచెం వెనక్కి. పొట్టి మనిషి. పియానో ఆయన ఎడమ పక్క. ఆయన కుర్చీకి ఎవరైనా నూనె పెడితే బాగుండు."

"కుర్చీయా?"

"కిర్రుమంటోందిగా. ఆవిడ ఊపిరి తీసుకునే ముందు ఆయన ముందుకి వంగుతున్నాడు. వంగినప్పుడల్లా."

క్లెమ్ ముల్లు ఎత్తి మళ్లీ పెట్టాడు. మళ్లీ పెట్టాడు. మూడోసారికి కిర్రు అతనికీ దొరికింది.

"పద్నాలుగేళ్ల నుంచీ వింటున్నాను ఈ రికార్డు," అన్నాడు నెమ్మదిగా.

"మీరు పెట్టెల్ని విన్నారు, డూడెక్ గారూ. మనుషుల్ని వినలేదు."

అప్పటి నుంచి గురువారాలు పని కొంత, పాఠం కొంత. డప్పు తోలు వదులుగా ఉందా బిగువుగా ఉందా, గది పెద్దదా చిన్నదా, గాయకురాలు మైకుకి ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. అన్నిటికన్నా ముందు క్లెమ్ చెప్పిన పాఠం ఒకటుంది.

"మంచి మోతకి గుర్తేమిటో తెలుసా? అలుపు రాకపోవడం. ఒక రికార్డు అయ్యాక ఇంకోటి వేసుకోవాలనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. లేచి వంటింట్లోకి పోవాలనిపిస్తే ఎక్కడో తప్పున్నట్టు. తప్పేమిటో తెలియక్కర్లేదు, కాళ్లకి తెలుస్తుంది."

లాటీ కాళ్లకి అప్పటికే చాలా తెలుసు. సెల్లార్‌కి పదమూడు మెట్లు.

ఆ పాఠాలు ఒక శనివారంతో ఆగిపోయాయి. మగవాళ్లు చేరినప్పుడు క్లెమ్ మాటవరసకి, "మన లాటీకి మీ అందరికన్నా మంచి చెవులున్నాయిరా," అన్నాడు. డాక్టరు లూబిన్‌స్కీ, "అయితే ఇక నుంచి తుడుపు కర్రని కూడా అడిగి కొనుక్కుందాం," అన్నాడు. అందరూ నవ్వారు. క్లెమ్ కూడా నవ్వాడు. మెట్ల మీద ఉన్న లాటీ విన్నది. ఆ తరవాత గురువారం అతను "ఎలా ఉంది?" అనడిగితే, "నేల ఇంకా ఆరలేదు, అటు పోకండి," అంది. ఎన్నిసార్లు అడిగినా నేల సంగతే చెప్పింది. కొన్నాళ్లకి అతను అడగడం మానేశాడు.

అసలు తిప్పలు ఆ తరవాతే మొదలయ్యాయి. క్లెమ్‌కి అరవై ఏడో, అరవై ఎనిమిదో ఉండగా, ఆ ఆడమనిషి రికార్డు అరిగిపోయిందన్నాడు. డప్పు మీద కుంచె రాసే చప్పుడు మొద్దుబారిందట. కొత్త కాపీ తెప్పించాడు. అదీ అలాగే ఉంది, అచ్చు సరిగ్గా పడలేదన్నాడు. మూడోది తెప్పించాడు. ముల్లు మార్చాడు. తీగలు మార్చాడు. సెల్లార్లో చెమ్మకి పెట్టెల్లో అట్ట మెత్తబడిందన్నాడు. ఏదీ కుదరక, చివరికి పెట్టెల వెనక మర ఒక పిసరు పైకి తిప్పాడు. ఆర్నెల్లకి ఇంకో పిసరు. వేరేవాళ్ల ఇళ్లకి వెళ్లినా అంతే. అందరి పెట్టెలూ మొద్దుబారాయనే తోచేది అతనికి, అందరి మరలూ పైకి తిప్పి చుక్క పెట్టి వచ్చేవాడు.

లాటీ గురువారాలు చెవుల్లో దూది పెట్టుకుని సెల్లార్లోకి దిగడం మొదలుపెట్టింది. ఆ గాయకురాలు 'స' అన్నప్పుడల్లా గాజు మీద మేకు గీసినట్టుండేది. చెప్పొచ్చు. కానీ తుడుపు కర్రకి నోరెందుకు?

అలా ఆరేళ్లు గడిచాయి. మంచు తుఫానొచ్చి ఊరు ఊరంతా వారం రోజులు కప్పబడిపోయిన శీతాకాలం కూడా ఆ ఆరేళ్లలోదే. మోకాళ్లు ఆమెవి పోయాయి, నడుం అతనిది వంగింది. శనివారం మగవాళ్లు ఒక్కొక్కరే రావడం తగ్గించారు. ఒకడు చలన్నాడు, ఒకడు మనవరాలి పుట్టినరోజన్నాడు. ఎవడికి వాడు ఇంట్లో రికార్డులు పెట్టడం కూడా తగ్గించాడు. వినలేకపోవడం తమ చెవుల లోపం అనుకున్నారు గాని, చుక్క పెట్టిన చేతిని అనుమానించలేదు. ఇలాంటి తప్పు ఈ సంగీతం పెట్టెల మగవాళ్లే చెయ్యగలరు. కూరలో ఉప్పెక్కువైతే ఏ ఆడదీ ఆరేళ్లు తినదు.

ఒక గురువారం ఆ మగవాళ్లలో ఒకడు, స్టహూరా వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి, నెమ్మదస్థుడు. టోపీ చేతిలో నలుపుకుంటూ సెల్లార్లో నిలబడ్డాడు. లాటీ మూలన తుడుస్తోంది.

"క్లెమ్, ఏమీ అనుకోవద్దు. నేను రికార్డు పెడితే మా ఆవిడ ఇర్మా ఇంట్లోంచి వెళ్లిపోతోంది. వెనక వరండాలో మంచులో కోటేసుకుని కూర్చుంటోంది. తలనొప్పంటుంది. ఆ మర ఒక్క పిసరు తగ్గిస్తే..."

"నేను పెట్టింది పోయిన నెలే కదా?"

"అవుననుకో."

"ఇర్మాకి వంటింటి రేడియో అలవాటు. మంచి శబ్దం వినడం నేర్చుకోవాలి, ఒక్కరోజులో వచ్చేది కాదు. ఆవిడ చెవులు మెల్లగా తేరుకుంటాయని చెప్పు."

స్టహూరా తల ఊపి, మెట్లెక్కి వెళ్లిపోయాడు. లాటీ కర్ర గోడకి ఆనించింది.

"తేరుకుంటాయి. నిమోనియా వచ్చి పోయాక ఏకంగా తేరుకుంటాయి."

"ఏమన్నావు?"

"ఇర్మా చెవులకేం రోగం లేదన్నాను. ఆవిడ కాళ్లు చెబుతున్నాయి, వినండి. లేచి పోవాలనిపిస్తే తప్పున్నట్టని ఎవరో మహానుభావుడు చెప్పగా విన్నాను లెండి."

"నీకేం తెలుసు లాటీ? నీ పని నువ్వు చూసుకో."

లాటీ చెవుల్లోంచి దూది తీసింది. రెండు ఉండలూ తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.

"ఇది నా పని. ప్రతి గురువారం ఇవి పెట్టుకునే మీ గది తుడుస్తున్నాను. ఇక ఈ మెట్లు నేను దిగను. నా మోకాళ్లు కూడా థాంక్స్ చెబుతున్నాయి."

కోటు తొడుక్కుని, రెండు బస్సులు మారి ఇంటికి పోయింది. గెలిచినట్టు అనిపించలేదు. ముసలాయనకి ఊళ్లో ఉన్నదల్లా ఆ పేరొక్కటే. ఆరేళ్లూ నోరు మూసుకుని, పోనీ మూసుకున్నదాన్ని మూసుకోక, కోపంలో ఆ మాట విసిరి కొట్టింది.

రెండు గురువారాలు వెళ్లలేదు. మూడో బుధవారం పొద్దున్న ఫోను మోగింది. క్లెమ్‌కి ఫోనులో పలకరింపులు రావు, అన్నేళ్లు ఆ ఆఫీసులో చేసి కూడా.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏది?"

"దూది."

లాటీ అబద్ధం ఒకటి వెతికింది. దొరకలేదు. "ఆరేళ్లు."

"రేపు రా. బకెట్టు ముట్టుకోవద్దు," అని పెట్టేశాడు.

వెళ్లేసరికి సెల్లార్లో బల్ల మీద ఆఫీసు నుంచి తెచ్చుకున్న పాత యంత్రం ఒకటుంది. ఒక మీట, ఒక చక్రం, చక్రం చుట్టూ అంకెలు. చక్రం తిప్పేకొద్దీ ఈల సన్నబడుతూ పోతుంది. గడ్డం గీసుకోలేదు అతను. కుర్చీ చూపించాడు.

"స్టహూరా ఇంటికి వెళ్లాను. ఇర్మా నాకు కాఫీ పోస్తోంది, ఆయన హాల్లో రికార్డు పెట్టాడు. పోస్తూ పోస్తూ ఉలిక్కిపడింది. కాఫీ సాసర్లో పడింది. ఎందుకు ఉలిక్కిపడిందో నాకు వినపడలేదు, లాటీ. ఏమీ వినపడలేదు." యంత్రం వైపు తిరిగాడు. "ఈల వినిపిస్తున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచు. నేనూ ఎత్తుతాను."

ఇద్దరూ బడిపిల్లల్లా చేతులెత్తారు. అతను రెండో చేత్తో చక్రం తిప్పాడు. ఈల మూడు దాటింది, నాలుగు దాటింది. ఆరు దగ్గర అతని చెయ్యి దిగింది. లాటీ చెయ్యి దిగలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. సూదిలాంటి ఈల తలలో గుచ్చుకుంటోంది. ఆమె ఎదురుగా అతను చక్రం తిప్పుతున్నాడు, తన వరకూ నిశ్శబ్దాన్ని తిప్పుతున్నాడు. పది దగ్గర అతను మీట నొక్కేసరికి ఈల ఠక్కున ఆగిపోయింది. ఆమె చెయ్యి దించింది.

"ఆపేశారుగా. నేను కావాలని ఎత్తి ఉంచాననుకున్నారా? నన్ను పరీక్షిస్తున్నారా?"

"నిన్ను కాదు," అన్నాడతను.

మళ్లీ మొదటి నుంచి చేశాడు. అతని చెయ్యి మళ్లీ ఆరు దగ్గరే దిగింది. మూడోసారి చెయ్యబోయి, మీట ఆపేసి కూర్చుండిపోయాడు. వీధిలో మంచు ఎత్తే బండి పోతోంది. అది మాత్రం ఇద్దరికీ వినపడింది.

"పదకొండు ఇళ్లు," అన్నాడు చివరికి. "ఈ ఆరేళ్లలో పదకొండు ఇళ్లకి చుక్కలు పెట్టాను. అందరికీ మీ చెవులు పచ్చివని చెప్పొచ్చాను. డబ్బు పోసి కొనుక్కున్న పాటని వాళ్లకి కాకుండా చేశాను."

"కావాలని చెయ్యలేదుగా."

"చెప్పావు కాదేం?"

"మీరు నవ్వారు," అంది. "తుడుపు కర్రని అడుగుదామంటే మీరూ నవ్వారు."

అతను గుర్తు తెచ్చుకున్నాడు. గుర్తొచ్చినట్టు మొహం చూస్తే తెలిసింది. క్షమించమని అనలేదు. అతనికి అలాంటివి రావు, ఆమె ఎదురుచూడలేదు. తివాచీ అంచు ఒకటి ఊడి వేలాడుతుంటే లేచి దాన్ని నొక్కి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. డెబ్భై మూడేళ్ల మనిషి తొంభై ఏళ్లవాడిలా కూర్చున్నాడు.

ఆమెకి జాలేసింది. జాలి ఆమెకి పడదు, ఒళ్లు మండుతుంది. అయినా వేసింది.

"సరే, ఏడవకండి. పదకొండు ఇళ్లేగా. చెమ్మకి మరలు కదిలాయి, మళ్లీ చూడాలని ఫోను చెయ్యండి. మీతో నేను వస్తాను, సామాను మోసే మనిషినని చెప్పండి. మీరు తిప్పుతూ ఉండండి. సరైన చోటు రాగానే నేను దగ్గుతాను. ఈ ఊళ్లో జనవరిలో దగ్గని మనిషెవరు? మీ పేరు మీకే ఉంటుంది."

క్లెమ్ ఆ మాట విని చాలాసేపు ఆలోచించాడు. లాటీ చూస్తూనే ఉంది. ఆశపడ్డాడు. అందులో తప్పేముంది, ఆమె అయినా ఆశపడేది. బల్ల మీద చెయ్యి అటూ ఇటూ రాశాడు, యంత్రానికున్న దుమ్ము వేలితో తీసి చూసుకున్నాడు. రెండు వారాల దుమ్ము.

"వద్దు," అన్నాడు.

"ఏం వద్దు?"

"దగ్గొద్దు. శనివారం ముందు స్టహూరా ఇల్లు. తొమ్మిదింటికి వచ్చి నిన్ను తీసుకెళతాను, బస్సు అక్కర్లేదు. నేను పెట్టె వెనక వంగుతాను, నువ్వు మధ్యలో కూర్చో. ఇర్మాని పక్కన కూర్చోబెట్టుకో. నేను తిప్పుతూ ఉంటాను. సరిగ్గా ఉన్నప్పుడు 'ఆపండి' అను. అడిగితే ఎందుకో కూడా చెప్పు. గట్టిగా చెప్పు, లాటీ. పెట్టె వెనక ఉంటాను, నాకు వినపడాలి."